బండి నంబర్లతో స్థలకాలం కట్టడం ఎలా?

నల్లగొండ గడియారం సెంటర్‌లో కాసేపు నిలబడి, 20 బండ్ల నంబర్లు రాసుకోండి. టీఎస్ 05, టీజీ 05 మనకక్కర్లేదు, చివరి నాలుగు అంకెలు చాలు. 9999 లాంటి ఫ్యాన్సీ నంబర్లు వదిలేయండి. అవి డబ్బు పెట్టి కొనుక్కున్నవి, మనకు ఎవరూ ఏరుకోనివే కావాలి.

స్థలకాలం (స్పేస్‌టైమ్) అంటే ఎక్కడ, ఎప్పుడు అన్న రెండూ కలిపి చూడటం. ఒక్కో నంబరు అందులో ఒక్కో సంఘటన. 1936 అంటే అడ్డం 19, నిలువు 36. గ్రాఫ్ పేపర్ మీద చుక్క పెట్టండి. అడ్డం గానీ నిలువు గానీ రెండు బండ్లకు ఒకటే వస్తే, ఒకదాన్ని కొట్టేసి ఇంకోటి రాసుకోండి. తర్వాత 00,00 మూల కిందికి, 99,99 మూల పైకి వచ్చేలా పేపర్ తిప్పండి. ఇప్పుడు కింది నుంచి పైకి కాలం, పక్కలకు స్థలం. గళ్ల గీతలు కాంతి పోయే దారులు.

ఒక చుక్క అడ్డం, నిలువు రెండూ ఇంకోదాని కన్నా చిన్నవైతే, అది ముందు జరిగింది. ఒకటి చిన్న, ఒకటి పెద్ద అయితే వాటి మధ్య కాంతి కూడా చేరలేదు, సంబంధం లేనట్టే.

కారణ సమితి, అంటే కాజల్ సెట్ (causal set), ఇదే. 1987లో బొంబెల్లి, లీ, మేయర్, సోర్కిన్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. సుమారు 1.6×10⁻³⁵ మీటర్ల ప్లాంక్ పొడవు దగ్గర స్థలకాలం అంటే ఇలాంటి చుక్కలు, ఏది దేనికి ముందన్న వరస, అంతేనంటారు. ప్రయోగంలో ఇంకా ఎవరూ చూడలేదు.

గళ్ల మీదే వరసగా పెడితే నీట్‌గా ఉంటుంది కదా సార్ అని మా ఇంటర్ పిల్లలు అడుగుతారు. వద్దు. వేగంగా పోయేవాడికి ఈ పేపర్ ఒక పక్క సాగి, రెండో పక్క అదే నిష్పత్తిలో కుంచించుకుపోతుంది. గళ్లయితే ఆ సాగడం కంటికి తెలిసిపోతుంది, ఎవరు కదులుతున్నారో పట్టుబడుతుంది. సాపేక్షతా సిద్ధాంతం అందుకు ఒప్పుకోదు. చెల్లాచెదురు చుక్కలు సాగినా చెల్లాచెదురుగానే ఉంటాయి, ముందూ వెనకా మారదు.

ఇప్పుడు లెక్క. నంబర్లను చిన్నదాని నుంచి పెద్దదానికి పేర్చి, చివరి రెండంకెలు మాత్రం వరసగా రాయండి. 0741, 1936, 2388, 5262, 8017 అయితే 41, 36, 88, 62, 17. ఒక్కోదానికీ కుడివైపు దానికన్నా పెద్దవి ఎన్నో చూడండి: 41కి రెండు, 36కి రెండు, మిగతావాటికి సున్నా. పది జంటల్లో నాలుగింటికి సంబంధం ఉంది. 20 బండ్లకు 190 జంటలు, అందులో సగం, 95 దగ్గర రావాలి. 80 వచ్చినా 110 వచ్చినా టెన్షన్ పడొద్దు, ఇన్ని తక్కువ చుక్కలకు ఆ తేడా మామూలే.

ఈ సగమే అసలు విషయం. మన పేపర్‌లా స్థలానికి ఒక కొలత, కాలానికి ఒక కొలత ఉన్న చోట సగం వస్తుంది. మన లోకంలా స్థలానికి మూడు కొలతలు (పొడవు, వెడల్పు, ఎత్తు), కాలానికి ఒకటి ఉన్న చోట పదో వంతే. పేపర్ దాచేసి, ఏది దేనికి ముందన్న జాబితా మాత్రం దోస్తుకిస్తే, వాడు జంటలు లెక్కపెట్టి ఎన్ని కొలతల లోకమో చెప్పగలడు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఇదే.

కాలం కొలవాలంటే, ఆ చివరి రెండంకెల వరసలో కుడికి పోతూ పెరిగే అతి పొడవైన గొలుసు వెతకండి. అందులో చుక్కలెన్నో కాలం అంత. 20 బండ్లకు సుమారు ఆరేడు వస్తుంది. ఇంకా పొడుగు కావాలంటే మిర్యాలగూడ రోడ్డు నిండా లారీలే, నిలబడి రాసుకోవడమే.