స్పెసిమెన్ నోటు కొనే ముందు వెలుతురుకు పట్టి చూడండి

కర్నూలు వాళ్లకు పాత నోట్ల విషయంలో ఒక అదృష్టం ఉంది. తుంగభద్రకు ఇవతల మద్రాసు ప్రెసిడెన్సీ, అవతల అలంపురం వైపు నిజాం రాజ్యం. అందుకే జార్జి రాజు బొమ్మ నోట్లతో పాటు 1918 నుంచి నిజాం ప్రభుత్వం వేసిన ఉస్మానియా సిక్కా నోట్లు కూడా ఇక్కడి పాత ట్రంకుపెట్టెల్లో దొరకొచ్చు. స్పెసిమెన్ నోటు సంగతి వేరు. కొత్త నోటు ఎలా ఉంటుందో బ్యాంకులకు చూపడానికి వేసిన నమూనా అది, చెలామణిలోకి రాదు. కాబట్టి "మా తాత జేబులోది సార్" అంటే అక్కడే ఆగండి.

ముందు నంబరు చూడండి. చాలావాటికి అన్నీ సున్నాలే ఉంటాయి. మామూలు నంబరున్న నోటు మీద "SPECIMEN" అని ఎర్ర ముద్ర కనిపిస్తే అనుమానించాల్సిందే. ఆ మాటే చిల్లులతో కొట్టి ఉంటే కిటికీ వెలుతురుకు పట్టి భూతద్దంతో చూడండి. మిషన్ చిల్లులో కాగితం ముక్క పూర్తిగా ఊడిపోయి అంచు గుండ్రంగా ఉంటుంది. సూదితో పొడిచినదైతే వెనక కాగితం ఉబ్బి వేలికి గరుగ్గా తగులుతుంది. నేను ఈ ఒక్క పని చేయక ఒకసారి రెండు వేలు వదిలించుకున్నాను, ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.

దాచేటప్పుడు పీవీసీ కవర్లు మాత్రం వద్దు. మన ఎండలకు అవి జిగటగా మారి నోటుకు అంటుకుంటాయి. మైలార్ అనే పాలిస్టర్ కవర్లు కొనండి. ముడతలు పోవాలని ఇస్త్రీ పెట్టకండి.