కాలేజీకి మాట ఇచ్చే ముందు: క్వార్టర్‌బ్యాక్ ఇంట్లో చూసుకోవాల్సినవి

ఫుట్‌బాల్ అంటే ఇక్కడ అమెరికాది, బంతిని చేత్తో విసిరేది. ఆ విసిరేవాడే క్వార్టర్‌బ్యాక్. హైస్కూల్లో ఆడుతున్న మీవాడిని కాలేజీ జట్లు పిలుస్తుంటే ఇవి చూసుకోండి.

• ముందు మార్కులు. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ) పై శ్రేణి అయిన డివిజన్ 1లో మొదటి ఏడాదే ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో కనీసం 2.3 జీపీఏ (4కి లెక్కగట్టే సగటు) కావాలి. అందులో 10 కోర్సులు సీనియర్ ఇయర్ (హైస్కూల్ చివరి ఏడాది) మొదలయ్యేలోపే పూర్తవ్వాలి. తర్వాత కంగారుపడి లాభం లేదు.

• కాలేజీ జట్టు నుంచి ఆఫర్ వచ్చిందని కేక్ కోసేయకండి. నోటిమాటకు అటూ ఇటూ ఎవరూ కట్టుబడనక్కర్లేదు. కోచ్‌ను సూటిగా అడగండి: "మావాడు ఈరోజే సరేనంటే తీసుకుంటారా?" ఆయన నీళ్లు నమిలితే అది ఆఫర్ కాదు. రిసీవర్లనైతే (విసిరిన బంతిని పట్టేవాళ్లను) నలుగురైదుగురిని తీసుకుంటారు, క్వార్టర్‌బ్యాక్‌ను చాలాచోట్ల ఏడాదికి ఒక్కడినే. ఆ ఒక్క కుర్చీలోకీ ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) నుంచి ఆరితేరినవాడు వచ్చి కూర్చోవచ్చు. అందుకే జట్టులో ఇప్పుడున్న క్వార్టర్‌బ్యాక్‌లెవరో, ఎవరికి ఎన్నేళ్లు మిగిలాయో కాగితం మీద రాసుకోండి.

• పిలిచిన కోచ్ రేపు వేరే కాలేజీకి వెళ్లిపోతే? అప్పుడూ ఆ క్యాంపస్ నచ్చుతుందా అని పిల్లాడినే అడగండి.

• కోచ్‌లకు పంపే వీడియోలో మంచి ఆటలు మొదట్లోనే పెట్టండి. అన్నీ పొడుగు టచ్‌డౌన్లే (దూరం నుంచి విసిరి పాయింట్లు తెచ్చినవే) వద్దు. మీద పడుతున్నవాళ్లను తప్పించుకుని, రెండో రిసీవర్‌ను వెతికి విసిరిన పది గజాల పాస్ కూడా ఉండాలి.

• ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ లాంటివి), డివిజన్ 3 (ఎన్‌సీఏఏలో కింది శ్రేణి) కాలేజీలు ఆట కోసం స్కాలర్‌షిప్ ఇవ్వవు.

• ఫలానా కాలేజీలోనే చేరతానని సంతకం పెట్టే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024లోనే రద్దయింది. ఇప్పుడు సంతకం పెట్టేది స్కాలర్‌షిప్ ఒప్పందం మీద. కాలేజీ తన ఆటల ఆదాయంలోంచి ఆటగాడికి ఇచ్చే డబ్బు వాటా ఒప్పందం కూడా ఉంటే లాయర్‌కు చూపించాకే పెన్ను తీయండి.