చిన్న ద్వీపదేశపు క్రీడాచరిత్ర రాయడం ఎలా: నౌరూ ఉదాహరణగా

ఒలింపిక్స్ ఏడాది వచ్చిందంటే చెన్నైలోని తెలుగు సంఘాల ప్రత్యేక సంచికలకూ, పిల్లల క్విజ్ పోటీలకూ క్రీడావ్యాసాల అవసరం పడుతుంది. అమెరికా, చైనాల గురించి రాసేవారికి కొదవ ఉండదు కనుక, మీరు ఒక చిన్న ద్వీపదేశాన్ని ఎంచుకోండి. ఈ వ్యాసంలో పసిఫిక్ మహాసముద్రంలోని నౌరూను ఉదాహరణగా తీసుకుంటున్నాను. 1968 జనవరి 31న స్వతంత్రమైన ఆ దేశ విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు. అంటే 426 చదరపు కిలోమీటర్ల మన చెన్నై కార్పొరేషన్ పరిధిలో దాదాపు ఇరవయ్యో వంతు. దానికి ఇంతవరకూ ఒలింపిక్ పతకం రాలేదు. అయినా కామన్వెల్త్ క్రీడల బరువులెత్తే పోటీల్లో ఆ పేరు పదేపదే కనిపిస్తుంది.

పతకాల పట్టికతో మొదలుపెట్టకండి. పెద్ద దేశాలకు పనికివచ్చే ఆ పద్ధతి ఇక్కడ చరిత్రను మింగేస్తుంది. ముందుగా ఒక నోటుపుస్తకం తీసుకొని, ఒక్కొక్క క్రీడోత్సవానికి ఒక్కొక్క పుట కేటాయించి, ఎవరు వెళ్లారు, ఏ విభాగంలో పోటీపడ్డారు, ఏ జెండా కింద నడిచారు అనే మూడు గడులు గీసుకోండి. మూడో గడి వృథా అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించి ఒకసారి వదిలేశాను. నౌరూ 1996 అట్లాంటాలో తొలిసారి ఒలింపిక్స్‌కు వెళ్లిందన్న నిజాన్ని పట్టుకొని, నౌరూ వాసులెవరూ అంతకుముందు ఒలింపిక్స్‌లో పాల్గొనలేదని మా సంఘం సంచికలో రాసేశాను. సంచిక చేతికందిన సాయంత్రమే ఒక పెద్దాయన ఫోన్ చేసి, ‘ఏమండీ, బార్సిలోనాకు వెళ్లిన మార్కస్ స్టీఫెన్ సంగతేమిటి?’ అని నిలదీశారు. అప్పటికి నౌరూకు గుర్తింపు పొందిన ఒలింపిక్ కమిటీ లేనందువల్ల, ఆయన 1992లో సమోవా పౌరసత్వం తీసుకొని ఆ దేశం తరఫున బరువులెత్తారు. 1992 ఫలితాల్లో నౌరూ పేరుతో వెతికితే ఆయన దొరకరు, మనిషి పేరుతో వెతికితేనే దొరుకుతారు.

ఇక్కడే మరో చిక్కు కూడా ఉంది. ఇప్పుడు మనం సమోవా అంటున్న దేశం 1997 వరకూ పశ్చిమ సమోవా. కాబట్టి పాత పత్రికల్లో ఆ పేరే కనిపిస్తుంది. అదేవిధంగా, 1963లో ఫిజీ రాజధాని సువాలో మొదలైన దక్షిణ పసిఫిక్ క్రీడలకు 2011 నుంచి పసిఫిక్ క్రీడలన్న పేరు స్థిరపడింది. కామన్వెల్త్ క్రీడలైతే 1930లో బ్రిటిష్ సామ్రాజ్య క్రీడలుగా పుట్టి, మధ్యలో రెండు పేర్లు మార్చుకొని, 1978లో ఇప్పటి పేరుకు వచ్చాయి. ఏ సంవత్సరం గురించి రాస్తున్నారో ఆనాటి పేరునే వాడి, ఇప్పటి పేరును ఒకసారి మాత్రం చెప్పండి.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది పతకాల లెక్క మీద. మార్కస్ స్టీఫెన్‌కు కామన్వెల్త్ క్రీడల్లో ఏడు బంగారు పతకాలు వచ్చాయని చదివిన పాఠకుడు, ఆయన ఏడు క్రీడోత్సవాల్లో గెలిచారనో, ఏడు విభాగాల్లో పోటీపడ్డారనో అనుకుంటాడు. నిజానికి ఆనాటి కామన్వెల్త్ పోటీల్లో స్నాచ్‌కు (బరువును ఒక్క ఊపులో తలపైకి ఎత్తడం) ఒకటి, క్లీన్ అండ్ జెర్క్‌కు (ముందు భుజాల దాకా, తరువాత తలపైకి ఎత్తడం) ఒకటి, రెండూ కలిపిన మొత్తానికి ఒకటి చొప్పున, ఒక్కొక్క శరీరబరువు విభాగంలో మూడు బంగారు పతకాలు ఇచ్చేవారు. 1990 ఆక్లండ్‌లో స్టీఫెన్‌కు ఒక బంగారం, రెండు వెండి వచ్చాయి. 1994 విక్టోరియాలోనూ, 1998 కౌలాలంపూర్‌లోనూ మూడేసి బంగారాలు వచ్చాయి. బరువులెత్తే పోటీల్లో మన దేశపు క్రీడాకారిణి కుంజరాణీ దేవి 2002 మాంచెస్టర్‌లో మూడు బంగారాలు తెచ్చినదీ ఇదే లెక్కన. 2006 మెల్‌బోర్న్ నుంచి మొత్తం బరువుకే పతకం ఇస్తున్నారు కాబట్టి, అక్కడ నౌరూకు చెందిన యుకియో పీటర్ గెలిచిన ఒక్క బంగారాన్ని పాత మూడింటి పక్కన పెట్టి, ఆ దేశం దిగజారిందని రాస్తే అది తప్పుడు లెక్క అవుతుంది. జనాభా తలసరి పతకాల పట్టిక కూడా నా దృష్టిలో కాలక్షేపమే. పదీపన్నెండు వేలమంది ఉన్నచోట ఒక్క పతకం అటూఇటూ అయితే స్థానం ఎక్కడికో ఎగిరిపోతుంది.

ఆధారాల కోసం ఎళుంబూరులోని కన్నెమరా గ్రంథాలయానికి ఒక ఉదయం కేటాయించండి. దేశంలో అచ్చయ్యే ప్రచురణల ప్రతులు చట్టప్రకారం చేరవలసిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. పాత పత్రిక కావాలంటే పోటీ జరిగిన తేదీని కాక, మరునాటి తేదీని చీటీ మీద రాసివ్వండి; పోటీ పడమటి దేశాల్లో జరిగివుంటే ఆ తరువాతి రోజు సంచికనూ అడగండి. నిర్వాహకుల అధికారిక ఫలితాలతో పత్రిక వార్తను సరిచూడడం మరవకండి, ఎందుకంటే నిషిద్ధ ఉత్ప్రేరకాల (డోపింగ్) పరీక్షల కారణంగా ఏళ్ల తరువాత మారిన స్థానాలు ఆనాటి వార్తలో ఉండవు.

రాసేటప్పుడు పాఠకుడికి తెలిసిన ఒక గట్టు చూపించండి. 2000 సిడ్నీ ఒలింపిక్స్ అనగానే మన తెలుగువారికి శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన రోజు గుర్తుకొస్తుంది. అదే ఒలింపిక్స్‌లో 62 కిలోల పురుషుల విభాగంలో స్టీఫెన్ కూడా బరువెత్తారు. ఈ ఒక్క వాక్యంతో నౌరూ చేరువవుతుంది. ఇటువంటి పోలిక వ్యాసానికి ఒకటి చాలు, రెండోది పెడితే వ్యాసం మన గురించి అయిపోతుంది.

స్టీఫెన్ 2007 డిసెంబరు నుంచి 2011 నవంబరు వరకూ నౌరూ అధ్యక్షుడిగా ఉన్నారన్న విషయాన్ని మొదటి వాక్యంలోనే చెప్పేయాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. బార్సిలోనాలో పరాయి జెండా కింద నడిచిన సంగతి చెప్పిన తరువాత ఆ మాట పెట్టండి.