కార్తీక స్నానాలకు ముందు, మెట్టలో గోడ లేపకముందు

కార్తీకం వస్తోంది. పౌర్ణమి నాడు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లోని మైపాడు, కొత్తకోడూరు, కొత్తపట్నం, పాకల తీరాలు తెల్లారకముందే జనంతో నిండిపోతాయి. తుఫాను ఉందంటే రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది, ఎవరూ చెప్పకుండానే ఆగిపోతాం. సునామీకి మాత్రం మబ్బూ లేదు, గాలీ లేదు, కాలమూ లేదు. 2004 డిసెంబరు 26 ఆదివారం, పైగా పౌర్ణమి. సముద్రంలో స్నానానికి దిగినవాళ్లు, ఒడ్డున పని చేసుకుంటున్నవాళ్లు అలకు చిక్కారు. మన రాష్ట్రంలోనే వంద మందికి పైగా పోయారు.

ఆ రోజు భూమి విరిగింది మన దగ్గర కాదు, ఇండోనేసియాలోని సుమత్రా దీవి పక్కన. టైము ఉదయం ఆరున్నర. మన తీరానికి నీళ్లు వచ్చేసరికి తొమ్మిది అయింది. మధ్యలో రెండున్నర గంటలున్నా ఒక్క మనిషికీ కబురు అందలేదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఆ రెండున్నర గంటలే.

అక్కడే ఎందుకు విరిగిందంటే, మనం నిలబడ్డ నేల కదిలే పలక. ఏడాదికి ఇంచుమించు ఐదు సెంటీమీటర్లు ఉత్తరంగా జరుగుతోంది. తూర్పున సుమత్రా, అండమాన్ల పొడవునా పక్క పలక కిందికి దూరుతోంది. దూరే చోట రాయి రాయిని పట్టుకుని వందల ఏళ్లు బిగుసుకుంటుంది. 2004లో ఆ పట్టు దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవునా ఊడిపోయింది. సముద్రం కింది నేల కొన్ని మీటర్ల ఎత్తు లేచింది, దానితోపాటు పైనున్న నీళ్లన్నీ లేచాయి. తీవ్రత 9.1. అలా కిందికి దిగిన పలక చుట్టుపక్కల లోతుల్లో రాయి కరుగుతుంది కాబట్టి అగ్నిపర్వతాలు కూడా ఆ వరుసలోనే ఉంటాయి. మన దేశంలో ఇప్పుడు రగులుతున్నది అండమాన్లోని బారెన్ దీవి ఒక్కటే. నెల్లూరు, ఒంగోలు వాళ్లు అగ్నిపర్వతం భయాన్ని పక్కన పెట్టేయవచ్చు.

పలక అంచుకు దూరంగా ఉన్నాం కదా, మరి ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరుల్లో 2024 డిసెంబరులో భూమి ఎందుకు ఊగింది? పాత తలుపు చట్రాన్ని ఒక పక్క నుంచి నెడితే ఎక్కడ పాత అతుకుందో అక్కడే కిర్రుమంటుంది. హిమాలయాల దగ్గర పలకకు తగిలే ఒత్తిడి ఇక్కడిదాకా వస్తుంది, మన నేలలోని పాత పగుళ్లు సర్దుకుంటాయి. గుండ్లకమ్మ నది వెంబడి అలాంటివి ఉన్నాయి. ఆ డిసెంబరులో వచ్చిన వాటిలో పెద్దదాని తీవ్రత మూడు చిల్లర. 3.1కీ 9.1కీ తేడా ఆరే అనిపిస్తుంది కానీ, విడుదలయ్యే శక్తిలో అది వంద కోట్ల రెట్లు. అందుకే మూడు చిల్లర ప్రకంపనలకు టెన్షన్ పడి రాత్రంతా రోడ్డు మీద కూర్చోవలసిన పని లేదు. అలాగని తేలిగ్గా తీసుకోనూ కూడదు. 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో వచ్చింది. భూకంప పటాల్లో ఒంగోలు, నెల్లూరు చాలా ఏళ్లుగా మూడో జోన్‌లో, అంటే ఓ మోస్తరు ప్రమాదం ఉన్న చోట్ల ఉన్నాయి. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని లాతూరును కూల్చింది 6.2 మాత్రమే. అప్పటి పటంలో ఆ చోటు అన్నిటికన్నా భద్రమైన జోన్‌లో ఉంది! దాదాపు పది వేల మంది చనిపోవడానికి ముఖ్య కారణం మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, వాటి మీద బరువైన కప్పు. వరికుంటపాడు నుంచి మర్రిపూడి దాకా మెట్ట ఊళ్లలో పాత ఇళ్లు చూడండి, చాలావరకు అదే కట్టుబడి.

కాబట్టి మెట్టలో ఇల్లు మొదలుపెట్టేవాళ్లు మేస్త్రీతో ముందే మాట్లాడుకోవాలి. పునాది మీద ప్లింత్ బీము, తలుపుల పైన ఇంటి చుట్టూ తెగకుండా లింటెల్ బెల్టు పడాలి, రెండూ ఇనుప చువ్వలతో పోసే కాంక్రీటు పట్టీలే. ద్వారాల మీద ముక్కలు ముక్కలుగా లింటెల్ వేసి వదిలేస్తే ఖర్చు కొంచెం తగ్గుతుంది కానీ నాలుగు గోడలూ విడివిడిగా ఊగుతాయి. కిటికీని మూలకు ఆనించి పెట్టనివ్వకండి. రాతి గోడైతే లోపలి వరసనూ బయటి వరసనూ కలుపుతూ మధ్యమధ్య పొడుగు రాళ్లు అడ్డంగా వేయించండి. పాత ఇంట్లో ఉండేవాళ్లు ఈ రోజే చేయగల పని ఒకటుంది: అటక మీది రోకళ్లు, ఇత్తడి బిందెలు మంచం పైనుంచి తీసి కింద పెట్టడం. ఊగినప్పుడు స్లాబు ఇంట్లో ఉంటే గట్టి బల్ల కిందికి దూరి దాని కాలు పట్టుకోవాలి. మట్టి, రాతి ఇంట్లో గుమ్మానికి దగ్గరగా ఉంటే వెంటనే బయటపడి గోడలకు, కరెంటు తీగలకు దూరంగా నిలబడాలి. ఊపు ఆగాక సిలిండరు కట్టేయండి.

ఇక సముద్రం సంగతి. 2007 నుంచి హైదరాబాదులోని సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది, కబురు నిమిషాల్లో బయల్దేరుతుంది. ఆ కబురు ఒడ్డున ఉన్న మీకు చేరాలంటే మీ గుంపులో ఒకరి ఫోన్‌కైనా ఛార్జింగ్ ఉండాలి, ఆ ఒకరు గట్టు మీదే ఉండాలి. కబురు రాకపోయినా సముద్రం ఎప్పుడూ లేనంత వెనక్కి వెళ్లి ఇసుక బయటపడితే గవ్వల కోసం పిల్లలను పోనివ్వకండి. ప్రతిసారీ నీళ్లు ముందు వెనక్కే పోవాలని లేదు, నేరుగా పైకి కూడా వస్తాయి. సుమత్రా పక్కన సిమెలూ అనే దీవి ఉంది. 1907 నాటి సునామీని అక్కడి పెద్దలు కథగా, పాటగా చెబుతూ వచ్చారు. 2004లో నేల ఊగగానే, సైరన్ లేకుండానే ఊరూరా కొండెక్కారు. డెబ్బై వేలకు పైగా జనంలో పది మంది కూడా పోలేదు. మన తీరంలో మాత్రం నేల ఊగుతుందని ఎదురుచూడకండి, 2004లో చాలామందికి ఊపు తెలియనే లేదు.

పరుగెత్తాల్సి వస్తే పడమటికి, రెండు మూడు కిలోమీటర్లు. బైకు కోసం, చెప్పుల కోసం వెనక్కి తిరగవద్దు. బకింగ్‌హామ్ కాలువ వంతెన ఎటుందో స్నానానికి దిగకముందే చూసుకోండి. నీళ్లు కాలువలోకి, వాగుల మొగల్లోకి ఎదురెక్కుతాయి కాబట్టి ఆ గట్ల మీద నిలబడి చూడకూడదు. మొదటి అల పోయాక సామాన్ల కోసం దిగినవాళ్లకు రెండోదో మూడోదో అంతకన్నా పెద్దది రావచ్చు, గంటల తరబడి వస్తూనే ఉంటాయి. లోతు సముద్రంలో ఉన్న బోటువాళ్లు ఒడ్డుకు పరుగు తీయకండి, అక్కడ అల పడవ కింద నుంచి తెలియకుండా పోతుంది.

2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గరే 8.6 వచ్చింది, తీరమంతా పరుగెత్తింది, పెద్ద అల రాలేదు. ఆ రోజు పలకలు పైకి లేవకుండా పక్కకు జారాయి. అది ఒడ్డున నిలబడ్డ మనిషికి తెలిసే సంగతి కాదు. కాబట్టి ఈసారీ పిలుపు వస్తే అప్పుడేమీ కాలేదు కదా అని ఆగకండి, తడి బట్టలతోనే కదలండి.