పేదింటి పిల్లలకు చదవడం నేర్పే వాలంటీరు కావడం ఎలా?

రోజూ బడికి వెళ్తున్నా కొందరు పిల్లలు ఒక పేరా కూడబలుక్కుని కూడా చదవలేరు. దానికి తెలివి తక్కువ కావడం కారణం కాదు. ఇంట్లో పుస్తకాలుండవు, పక్కన కూర్చోబెట్టుకుని చదివించే తీరిక పెద్దలకు ఉండదు, తరగతిలో ఒక్కొక్కరి చేత పైకి చదివించే సమయం టీచరుకు చాలదు. వాలంటీరు చేయాల్సింది అదే: పైకి చదివించడం, వినడం, ఆగినచోట సాయపడడం. జాలి చూపడం మీ పని కాదు.

1. చేరేముందు

వారానికి రెండు రోజులు, రోజుకు 30–40 నిమిషాలు, కనీసం ఒక విద్యాసంవత్సరం రాగలరా అని చూసుకోండి. వారానికోసారి రెండు గంటలు కూర్చోబెడితే పిల్లలు అలసిపోతారు, మళ్లీ వచ్చేసరికి సగం మరిచిపోతారు. రెండు నెలలకే మానేస్తే, తమ వల్లే మీరు రావడం లేదనుకుంటారు.

సొంతంగా మొదలుపెట్టకుండా బడి, లైబ్రరీ, స్వచ్ఛంద సంస్థల ద్వారా చేరండి. మీ వివరాలు గట్టిగా ఆరా తీస్తే నొచ్చుకోకండి, ఏమీ అడగని చోటునే అనుమానించాలి. తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. తలుపు తెరిచి, ఇతర పెద్దలకు కనబడేలా కూర్చోవాలి. పిల్లల ఫోటోలు ఎక్కడా పెట్టకూడదు.

2. ఎక్కడ ఆగుతున్నారో కనిపెట్టండి

తరగతిని బట్టి పుస్తకం ఎంచుకోవద్దు. సుమారు 100 పదాల పేరా ఇచ్చి చదివించండి. తప్పులు 5 లోపు ఉంటే ఆ స్థాయి పుస్తకం సొంతంగా చదువుకోగలరు. 6 నుంచి 10 దాకా ఉంటే మీ సాయంతో చదవగలరు, పాఠానికి సరైన స్థాయి ఇదే. 10 దాటితే ఆపేసి, చిన్న వాక్యాలు, తర్వాత పదాలు, చివరికి అక్షరాలు చూపించండి. ‘పరీక్ష’ అన్న మాట ఎత్తొద్దు.

వర్ణమాల గడగడా అప్పజెప్పినంత మాత్రాన అక్షరాలు వచ్చినట్టు కాదు. వరస తప్పించి చూపించండి. సాధారణంగా తడబడేవి కి–కీ, కె–కే, కొ–కో లాంటి హ్రస్వ దీర్ఘాలు, వ–మ లాంటి పోలికున్న అక్షరాలు, ఒత్తులు. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరాల్లా కనిపించవు కాబట్టి వాటిని విడిగా నేర్పాలి. అత్త, అన్న, అమ్మ, అయ్య, పిల్ల అన్నవి రోజూ నోట్లో నానే మాటలే. వాటితో మొదలుపెడితే ఒత్తు తొందరగా పట్టుబడుతుంది.

3. అరగంట ఎలా గడపాలి

మొదటి 5 నిమిషాలు కిందటిసారి చదివిందే మళ్లీ చదివించండి, ధైర్యం వస్తుంది. తర్వాత 8 నిమిషాలు ఒకే గుణింతం గుర్తు లేదా ఒకే ఒత్తు. 12 నిమిషాలు కొత్త పాఠం. చివరి 5 నిమిషాలు మీరే మంచి కథ చదివి వినిపించండి. సమయం చాలకపోతే కొత్త పాఠం తగ్గించండి గానీ కథ మానొద్దు. పుస్తకం మీద ఇష్టం పుట్టేది అక్కడే.

ఒకరిద్దరికి మించి పిల్లలను తీసుకుంటే ఇది మామూలు తరగతే అవుతుంది. హోంవర్కు చేయించడంలో పడినా ఇంతే, చదవడం వెనకబడిపోతుంది.

4. చదువుతూ ఆగిపోతే

వెంటనే అందించకండి. 3 నుంచి 5 సెకన్లు ఆగండి. తర్వాత పదంలో తెలిసిన భాగం చూపించి మిగతాది కలపమనండి. అప్పటికీ రాకపోతే మీరే చెప్పి, వాక్యం మొదటినుంచి చదివించండి. బొమ్మ చూసి ఊహించమనొద్దు; ఊహకు అలవాటుపడితే బొమ్మల్లేని పేజీలో దిక్కు తోచదు. ‘శభాష్’ అని ఊరుకోకుండా ‘ఆ దీర్ఘం నువ్వే గమనించి సరిచేసుకున్నావు’ అని చెప్పండి.

‘వచ్చాడు’ అని ఉన్నచోట ఇంటి అలవాటు కొద్దీ ‘వచ్చిండు’ అనో ‘వచ్చినాడు’ అనో చదివితే తప్పుగా లెక్కపెట్టకండి. అర్థం అందింది. పేరా పూర్తయ్యాక ఆ మాట మీద వేలుపెట్టి ‘ఇక్కడ ఏం రాశారో చూడు’ అంటే చాలు. ఇంటి భాషను వెక్కిరిస్తే మాత్రం పిల్లలు మళ్లీ నోరు తెరవరు.

5. పుస్తకం దొరకనప్పుడు

పదకొండేళ్ల పాపకు పసిపిల్లల బొమ్మల పుస్తకం ఇస్తే సిగ్గుపడుతుంది. తనకు నచ్చిన విషయం చెప్పమని, ఆ నాలుగైదు వాక్యాలను తన మాటల్లోనే పెద్ద అక్షరాలతో రాయండి, దాన్నే చదివించండి. తను అన్న మాటలే కాబట్టి అర్థం కాకపోవడం ఉండదు. ఆ కాగితం ఇంటికి ఇచ్చి పంపండి. అమ్మానాన్నలకు చదువు రాకపోయినా పక్కన కూర్చుని వినగలరు, ఆ సంగతి వాళ్లకు చెప్పండి.

6. గమనించాల్సినవి

పుస్తకం కళ్లకు దగ్గరగా పట్టుకున్నా, తరచూ వరుసలు తప్పినా చూపు పరీక్ష అవసరమని నిర్వాహకులకు చెప్పండి. ఆకలి, నిద్రలేమి కనిపించినా అంతే. మీరే డబ్బు, బహుమతులు ఇవ్వడం మొదలుపెట్టొద్దు. మిగతా పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. పిల్లలు రాకపోతే నిలదీయకండి. చిన్న తమ్ముణ్ణి చూసుకోవాల్సి వచ్చి ఉండొచ్చు, కుటుంబమే వేరేచోటికి మారి ఉండొచ్చు.

ప్రతిసారీ నోటుపుస్తకంలో తేదీ, చదివిన పాఠం, ఆగిన పదాలు రాయండి. ఆరు వారాలకోసారి అదే స్థాయి కొత్త పేరాతో తప్పులు లెక్కపెట్టండి. తగ్గకపోతే స్థాయి దించండి. మీరు మానాల్సి వస్తే మూడు వారాల ముందే పిల్లలకు చెప్పి, తర్వాత వచ్చేవారికి ఆ నోటుపుస్తకం అప్పగించండి. లేకపోతే కొత్తవారు మళ్లీ ‘అ’ దగ్గర మొదలుపెడతారు.