ఇంటి కూరగాయల తోట ఏడాదంతా ఖాళీ పడకుండా చూసుకోవడం ఎలా?

టమాటా విరగకాసినన్నాళ్లు కోసుకోవడం, తెలిసినవాళ్లకు పంచడం, ఫొటోలు తీయడం. మొక్కలు ఎండిపోయి కుండీలు బోసిగా కనిపించాక ‘ఇప్పుడేం వేద్దాం?’ అని బయల్దేరడం. ఇంటి తోట పెంచేవాళ్లలో చాలామంది వరస ఇదే. ఆ రోజు మిరప గింజ వేస్తే నారు ఎదగడానికి నెల పైన పడుతుంది. నాటాక కాయ తెంపడానికి ఇంకో రెండున్నర నెలలు. అంటే తొలి మిరపకాయ చేతికొచ్చేసరికి దాదాపు నాలుగు నెలలు. అన్నాళ్లూ ఖాళీ మట్టికేసి చూసి చూసి, చివరికి ‘మాకు తోట అచ్చిరాదు’ అని తేల్చేస్తారు.

పట్టుకోవాల్సింది ఒక్కటే. పాత పంట ఇంకా కాస్తుండగానే తర్వాతి పంట నారు పక్కన సిద్ధంగా ఉండాలి. మిగతావి ఎవరైనా చేయగలిగే పనులు కాబట్టి వాటిని గబగబా చెప్పేసి, నారు దగ్గర ఆగుతాను. జనం చెడగొట్టేది అక్కడే.

కావలసినవి

కాయగూరలకు రోజుకు కనీసం 6 గంటల ఎండ తప్పదు. ఆకుకూరలు 3, 4 గంటలతో సరిపెట్టుకుంటాయి. టమాటా, వంగ కుండీలో పెంచితే ఒక్కో మొక్కకు 15 నుంచి 20 లీటర్ల మట్టి పట్టేది కావాలి. ఆకుకూరలకు అర అడుగు లోతు చాలు. అడుగున చిల్లులుండాలి. ఎరువు బాగా మాగినదై ఉండాలి, పచ్చి పేడ వద్దు. ఒక గళ్ల ట్రే, కాస్త నీడ వల, ఒక నోట్‌బుక్, ఒక పెన్సిల్. పెన్సిలే, ఎందుకంటే తోట ప్లాన్ దిద్దకుండా ఎప్పుడూ నిలవదు. ఫోన్ యాప్‌ల జోలికి పోకండి. మట్టి చేతులతో ఫోన్ తీయరు, తీయకపోతే రాయరు, రాయకపోతే మర్చిపోతారు.

నోట్‌బుక్ లెక్క

12 నెలలు వరసగా రాసి, మీరుండే చోట వేడి, వాన, చలి ఏ నెలల్లో వస్తాయో గుర్తు పెట్టండి. నేల మంచుతో గడ్డకట్టే ప్రాంతమైతే ఆ మంచు మొదలయ్యే వారం, ఆగిపోయే వారం కూడా రాయండి. ఇక ఒక్కో కూరగాయను దాని కాలంలో పెట్టాలి. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటే రోజుల్లో టమాటా పూత రాలిపోతుంది. ఎంత ఎరువు పోసినా పిందె నిలవదు. కాలీఫ్లవర్‌కు చల్లదనం లేకపోతే పువ్వు సరిగా కట్టదు. ఎండ ముదిరితే కొత్తిమీర, పాలకూర ఆకు వేయడం మానేసి పూతకొస్తాయి. బెండ, గోరుచిక్కుడు, తోటకూర, వంగ వేడిని బాగానే ఓర్చుకుంటాయి. వేడి నెలలను వాటికి వదిలేయండి.

ఇప్పుడు మొక్క నాటాలనుకున్న వారం నుంచి వెనక్కి లెక్కపెట్టండి. టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్‌కు 4 వారాలు. వంగకు 5. మిరపకు 6. ఉల్లికి 6 నుంచి 8. ఎక్కడ ఆగారో అదే గింజ వేయాల్సిన వారం, దాని కింద గీత గీయండి. అప్పటికి మడిలో పాత పంట ఎంత జోరుగా కాస్తున్నా సరే, ఆ వారం ట్రేలో గింజ పడాలి.

నెట్‌లో దొరికే రెడీమేడ్ విత్తే క్యాలెండర్లను గుడ్డిగా వాడొద్దు. అవి ఎవరి వాతావరణానికో రాసినవి. ఉల్లినే చూడండి. అది పగటి వెలుతురు ఎన్ని గంటలుందో దాన్నిబట్టి గడ్డ కడుతుంది. 14 గంటల పగలు కావాల్సిన రకాన్ని భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట వేస్తే ఎన్నాళ్లు పెంచినా ఆకులే వస్తాయి. ప్యాకెట్ మీద బొమ్మ బాగుందని కొంటే కాదు, ఏ రకమో అడిగి కొనాలి.

నారు పెంచడం

నర్సరీలో నారు కొంటే సరిపోదా అని అడుగుతారు. ఒకసారికైతే సరిపోతుంది. కానీ నర్సరీలో ఆ రోజు ఏది ఉంటే అదే దొరుకుతుంది. మీ నోట్‌బుక్‌లో రాసుకున్నది ఆ వారం అక్కడ ఉండాలని రూలేం లేదు. పైగా ఆ మట్టితోపాటు వేరుముడి నులిపురుగులు, ఆకుల కింద తెల్లదోమ కూడా ఉచితంగా ఇంటికి రావచ్చు. ఏడాదంతా పంట కావాలంటే నారు ఇంట్లోనే పెంచాలి.

ట్రేలో మూడు వంతుల కోకోపీట్‌కు (కొబ్బరి పీచు పొడి) ఒక వంతు జల్లించిన వర్మీకంపోస్టు కలిపి నింపండి. ఉత్త కోకోపీట్‌లో తేమ నిలుస్తుందే తప్ప మొక్కకు తిండి ఉండదు. తోట మట్టి అసలే వద్దు. గళ్లలో గట్టిపడి వేరును పోనివ్వదు, తెగుళ్లనూ మోసుకొస్తుంది. గింజను దాని వెడల్పుకు రెండింతల లోతులో వేస్తే చాలు. టమాటా, వంగ, మిరప అయితే అర సెంటీమీటరు. వేలితో గుంట చేసి పాతిపెట్టిన గింజ పైకొచ్చేలోపే అలసిపోతుంది. 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం ఉంటే టమాటా వారంలోపే మొలుస్తుంది. మిరప నిదానం. రెండు వారాలు తీసుకున్నా టెన్షన్ పడొద్దు, వేలు పెట్టి కెలికి చూడొద్దు.

మొలక తలెత్తిన రోజే ట్రేని వెలుతురులోకి మార్చాలి. ‘లేత మొలక కదా, ఇంకో నాలుగు రోజులు నీడలో ఉంచుదాం’ అనే జాలి దగ్గరే సగం నారు పాడవుతుంది. వెలుతురు చాలని మొలక దాన్ని వెతుక్కుంటూ సాగుతుంది. కాండం తెల్లగా, పొడుగ్గా, నీరసంగా వస్తుంది. పొడుగు పెరిగిందని మురిసిపోతారు గానీ, మంచి నారు పొట్టిగా, బొద్దుగా, ముదురాకుపచ్చగా ఉంటుంది. మొదటి రోజుల్లో ఉదయపు ఎండ చాలు, మిట్టమధ్యాహ్నం వల నీడ ఇవ్వండి. కిటికీలో పెడితే రోజూ ట్రేని తిప్పి పెట్టాలి.

నీళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా వినండి. నిన్న నిటారుగా ఉన్న నారు ఈరోజు పొద్దున నేలకు ఒరిగి, మట్టికి ఆనుకున్న చోట కాండం దారంలా సన్నబడి కనిపిస్తే అది నారుకుళ్లు. పిథియం, రైజోక్టోనియా వంటి సూక్ష్మజీవులు చేసే పని. వీటికి కావాల్సింది ఎప్పుడూ తడిగా ఉండే మట్టి, కదలని గాలి, కిక్కిరిసిన మొలకలు. అది చూసి చాలామంది ‘పాపం, వాడిపోయింది’ అని ఇంకా నీళ్లు పోస్తారు. అక్కడితో ట్రే అంతా పోతుంది. పడిపోయిన మొలకను ఏ మందూ లేపలేదు. ఆ గడిలోని మట్టితో సహా తీసి దూరంగా పారేసి, మిగతావాటికి గాలి తగిలేలా చేయడం ఒక్కటే దారి.

అది రాకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. నారుకు పైనుంచి నీళ్లు చల్లొద్దు. వెడల్పు పళ్లెంలో రెండు సెంటీమీటర్ల నీళ్లు పోసి ట్రేని అందులో పెట్టండి. అడుగు నుంచి పీల్చుకుని పైన తడి కనబడగానే బయటికి తీసేయండి. ఈ పని పొద్దునే చేయాలి. సాయంత్రం తడిపితే రాత్రంతా తేమ అలాగే ఉంటుంది. తర్వాత ఎప్పుడు తడపాలో రోజులు లెక్కపెట్టి కాదు, ట్రేని ఎత్తి చూసి తెలుసుకోవాలి. తేలిగ్గా ఉంటేనే నీళ్లు. గడికి రెండు మొలకలొస్తే ఒకదాన్ని కత్తెరతో మొదట్లో కత్తిరించండి, పీకితే రెండో దాని వేరు కదులుతుంది. విత్తే ముందే మిశ్రమంలో ట్రైకోడెర్మా (తెగులు తెచ్చేవాటిని అణిచే మేలు శిలీంధ్రం) కలిపితే మంచిది. అయితే అది కలిపామన్న ధీమాతో నీళ్లు ఎక్కువ పోస్తే మాత్రం లాభం లేదు.

మూడో చిక్కు, నీడలో పెరిగిన నారును ఒకేసారి ఎండలో నాటడం. ఆకులు తెల్లగా కాలిపోతాయి. నాటడానికి వారం, పది రోజుల ముందు నుంచి ట్రేని రోజూ బయట పెట్టి, మొదట గంటసేపు ఎండ చూపించి, రోజురోజుకూ పెంచుతూ పోవాలి. ఈ రోజుల్లో నీళ్లు కాస్త తగ్గించండి, అలాగని తల వాల్చేదాకా రానివ్వొద్దు. విసుగు పుట్టించే పనే. దీన్ని ఎగ్గొట్టినవాళ్లే నాటిన మూడో రోజు ‘నారు చచ్చిపోయింది’ అని అడుగుతుంటారు.

ఇక వయసు. ట్రేలో నారు ముదిరితే వేర్లు గడిలో చుట్టలు చుట్టుకుంటాయి, మిరప అయితే ట్రేలోనే పూత కూడా పూస్తుంది. అది చూసి సంబరపడకండి, పూలు గిల్లేయండి. మడి ఖాళీ కావడం ఆలస్యమయ్యేలా ఉంటే నారును ఒక్కొక్కటిగా చిన్న కప్పుల్లోకి మార్చాలి. అది రెండు వారాల గడువు ఇస్తుంది, అంతకుమించి ఆశించొద్దు.

నాటేది సాయంత్రమే, మబ్బు పట్టిన రోజైనా సాయంత్రమే. ముందు ట్రేని తడిపి, అడుగు నుంచి తోసి, ఆకు పట్టుకుని తీయండి. నలిగిన ఆకు పోతే మరోటి వస్తుంది, కాండం నలిగితే మొక్కే పోతుంది. టమాటాను కింది ఆకులు తుంచి లోతుగా పాతొచ్చు, పూడిన కాండానికి కొత్త వేర్లొస్తాయి. వంగ, మిరప మాత్రం ట్రేలో ఉన్న లోతుకే. నాటాక మూడు రోజులు నీడ వల కప్పండి.

నేరుగా విత్తేవి

బెండ, చిక్కుడు జాతులు, ముల్లంగి, క్యారెట్, ఆకుకూరలకు నారు అక్కర్లేదు. క్యారెట్, ముల్లంగి నారు పోసి మార్చితే దుంప వంకర్లు తిరుగుతుంది. దోస, బీర, సొర కూడా వేరు కదిలితే అలుగుతాయి కాబట్టి పాదులోనే గింజ పెట్టండి.

ఇక్కడ ఒక్కటే షరతు, ప్యాకెట్ అంతా ఒకేసారి చల్లొద్దు. ముల్లంగి నెల, నెలన్నరలో వస్తుంది, తోటకూర నెలలో కోతకొస్తుంది. ఒకేసారి చల్లితే ఒకేసారి ముదురుతాయి, మీరు తినలేరు. మడిని నాలుగు ముక్కలు చేసి 10 రోజులకు ఒక ముక్కలో విత్తండి. నాలుగోది విత్తేసరికి మొదటిది కోతకొస్తుంది. ఆకుకూరలైనా వరసల్లోనే విత్తాలి. వెదజల్లితే కలుపు ఏదో కూర ఏదో తెలియదు.

పాత పంట తీసేయడం

అందరికీ చేతులు రానిది ఇక్కడే. వారానికి రెండు కాయలిచ్చే ముసలి వంగ మొక్క పేనుబంకకు, నల్లికి ఇల్లై, పక్కనున్న కొత్త నారుకు వాటిని అంటిస్తుంది. నోట్‌బుక్‌లో తేదీ వచ్చిందా, పీకేయండి.

ఆ మడిలో మళ్లీ అదే కుటుంబం వేయొద్దు. టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప నాలుగూ ఒకే కుటుంబం. టమాటా తీసి వంగ వేసి ‘పంట మార్చాను’ అనుకుంటే ఎండుతెగులు, నులిపురుగులు అక్కడే కాపురముంటాయి. వీటి తర్వాత చిక్కుడు జాతి, దాని తర్వాత క్యాబేజీ జాతి లేదా ఆకుకూరలు, ఆ తర్వాత తీగలు. పీకిన వేరుకు ఉబ్బెత్తు ముడులు కనిపిస్తే నులిపురుగులున్నట్టు. ఆ మడిలో ఒక పంటకాలం బంతి ఒత్తుగా పెంచండి. చిక్కుడు వేరుకు పక్కగా అంటుకుని, గోకితే ఊడొచ్చే గుండ్రటి బుడిపెలు మాత్రం వేరే. వాటిలోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. అందుకే చిక్కుడు మొక్కను పీకొద్దు, మొదట్లో కోసి వేరును నేలలోనే వదిలేయండి. ఖాళీ అయిన మడికి మాగిన ఎరువు కలిపి ఎండుటాకులు కప్పండి.

వచ్చే సీజన్ గింజ

టమాటా, బెండ, చిక్కుడు, వంగ గింజలు ఇంట్లోనే దాచుకోవచ్చు. హైబ్రిడ్ మొక్కల నుంచి మాత్రం వద్దు, పిల్ల మొక్కలు తల్లిలా రావు. సొర, గుమ్మడి లాంటివి తమ జాతిలోని వేరే రకాలతో పరాగం కలుపుకుంటాయి కాబట్టి వాటి గింజకు హామీ లేదు. టమాటా గింజను గుజ్జుతో సహా రెండు మూడు రోజులు పులియనిచ్చి కడిగితే చుట్టూ ఉన్న జిగురు పోతుంది. బెండ, చిక్కుడు కాయలు చెట్టు మీదే ఎండాలి.

గింజ నీడలో ఆరాలి, పంటితో కొరికితే నొక్కు పడకుండా టక్కున విరగాలి. గాలి చొరని సీసాలో, చల్లగా, పొడిగా ఉన్న చోట పెట్టండి. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు సుమారు రెట్టింపవుతుందని విత్తన నిల్వలో చాలాకాలంగా చెప్పే లెక్క. సీసా మీద పేరు, నెల, సంవత్సరం రాయండి. విత్తడానికి రెండు వారాల ముందు 10 గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. 8 మొలిస్తే నిశ్చింత. 5, 6 మొలిస్తే గడికి రెండేసి వేయండి. అంతకన్నా తక్కువైతే కొత్తవి తెచ్చుకోవడానికి ఇంకా టైముంటుంది. ఉల్లి గింజకు ఈ పరీక్ష కూడా అనవసరం. ఏడాది దాటితే దాని మొలక శక్తి బాగా పడిపోతుంది, ఏటా కొత్తదే కొనండి.