హెచ్‌ఎస్‌టీఎస్ ఆన్ చేసే ముందు చూసుకోవాల్సినవి

సైటును హెచ్‌టీటీపీఎస్‌కు (గుప్తీకరించిన కనెక్షన్‌కు) మార్చేటప్పుడు రెండు హెడర్లు, అంటే బ్రౌజర్, సర్వర్ ఒకదానికొకటి పంపుకునే సూచనలు, ఎదురవుతాయి. మొదటిది బ్రౌజరే పంపుతుంది, దానితో పెద్ద ప్రమాదం లేదు. సర్వర్ పంపే రెండోదానితోనే, అంటే హెచ్‌ఎస్‌టీఎస్‌తోనే, జాగ్రత్తగా ఉండాలి.

పేజీ అడిగేటప్పుడు బ్రౌజర్ ‘అప్‌గ్రేడ్-ఇన్‌సెక్యూర్-రిక్వెస్ట్స్: 1’ అని చెబుతుంది. అంటే, సురక్షితమైన పేజీ ఉంటే అదే ఇమ్మని. అది చూసి సర్వర్ హెచ్‌టీటీపీఎస్‌కు మళ్లించవచ్చు. ఇలా హెడర్‌ను బట్టి జవాబు మారుస్తుంటే ‘వేరీ’ అనే జవాబు హెడర్‌లో దాని పేరు చేర్చాలి. లేదంటే క్యాష్ (జవాబులను దాచిపెట్టి మళ్లీ ఇచ్చే నిల్వ) ఒకరి జవాబును మరొకరికి ఇచ్చేస్తుంది. నన్నడిగితే, పాత బ్రౌజర్ల బెడద లేనివాళ్లు అందరినీ మళ్లించేయడమే సులువు.

ఇదే పేరుతో సీఎస్‌పీలోనూ (పేజీ ఏమేం తెచ్చుకోవచ్చో సర్వర్ చెప్పే నియమాల్లోనూ) ఒక ఆదేశం ఉంది. పేజీలో మిగిలిపోయిన పాత హెచ్‌టీటీపీ బొమ్మలను, స్క్రిప్టులను అది హెచ్‌టీటీపీఎస్‌లో తెప్పిస్తుంది. అక్కడ ఆ ఫైలు దొరక్కపోతే మళ్లీ పాత దారికి వెళ్లదు, బొమ్మ రాదంతే. ముందే పరీక్షించుకోండి.

ఇక హెచ్‌ఎస్‌టీఎస్. మళ్లింపు ఒక్కటే చాలదు, ఎందుకంటే ఆ తొలి అభ్యర్థన గుప్తీకరణ లేకుండానే వెళ్తుంది. మధ్యలో ఉన్నవాడు అక్కడే అడ్డుపడి, వాడేవారిని హెచ్‌టీటీపీలోనే ఉంచేయగలడు. 2009లో ఎస్‌ఎస్‌ఎల్‌స్ట్రిప్ అనే దాడి సాధనం చూపించింది ఇదే. 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6797 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా వచ్చిన హెచ్‌ఎస్‌టీఎస్, మ్యాక్స్-ఏజ్‌లో చెప్పినన్ని సెకన్లపాటు ఈ సైటుకు హెచ్‌టీటీపీఎస్‌లోనే రావాలని బ్రౌజర్‌కు గుర్తుపెట్టిస్తుంది. ఈ హెడర్‌ను హెచ్‌టీటీపీలో పంపితే బ్రౌజర్ పట్టించుకోదు.

చిక్కేమిటంటే, ఆ గుర్తు మీ సర్వర్‌లో ఉండదు, వచ్చి వెళ్లిన ప్రతివారి బ్రౌజర్‌లో ఉంటుంది. సైటు గుర్తింపును ధ్రువీకరించే సర్టిఫికెట్ గడువు దాటితే ‘అయినా ముందుకు వెళ్లు’ అనే దారి కూడా మూసుకుపోతుంది. మ్యాక్స్-ఏజ్ 0 పెట్టి వెనక్కి తీసుకోవచ్చు గానీ, వాళ్లు మళ్లీ వచ్చి, సరైన సర్టిఫికెట్ మీద ఆ జవాబు అందుకుంటేనే పనిచేస్తుంది.

కాబట్టి మ్యాక్స్-ఏజ్ 300తో మొదలుపెట్టండి. ఏదీ తెగలేదని తేలాక 604800, అంటే వారం. ఏడాదికి సరిపడే 31536000 ఆఖర్న.

‘ఇంక్లూడ్‌సబ్‌డొమైన్స్’ (సబ్‌డొమైన్లకూ ఇదే వర్తించాలనే మాట) రాసే ముందు సబ్‌డొమైన్లన్నీ తిరగేయండి. ఎవరూ పట్టించుకోని పాత అడ్మిన్ పేజీ ఒకటి ఇంకా హెచ్‌టీటీపీలోనే నడుస్తూ ఉండొచ్చు. ప్రీలోడ్ జాబితాకు (హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరవాల్సిన సైట్ల పేర్లు ముందే రాసి ఉంచిన జాబితాకు) అస్సలు తొందరపడొద్దు. అది బ్రౌజర్‌తోనే వస్తుంది కనుక, పేరు తీయించుకున్నా ఆ మార్పు అందరికీ చేరేసరికి నెలలు పడుతుంది.

వీటన్నిటికన్నా ముందు, సర్టిఫికెట్ దానంతటదే రెన్యూ అవుతోందో లేదో ఒకసారి నడిపి చూడండి.